మోకరించలేని మనిషికి ప్రభువు బల్ల

"అరిగిపోయింది" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెప్పు అరుగుతుంది. కొడవలి అరుగుతుంది. రుబ్బురోలు పొత్రం అరుగుతుంది. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆవిడ కాలిని వేలితో చూపిస్తూ "అరిగిందమ్మా, ఇక అంతే" అనేసి తరువాతి మనిషిని పిలవడం మా అమ్మ విషయంలో చూశాను. డాక్టరు అన్నాడు. చుట్టాలు అన్నారు. మా సంఘంలో ఆ మాట కూడా చాలక ఇంకో మాట అన్నారు. దాని గురించే ఈ రాత. కోపం రావచ్చు గాని అది పాపం దాకా పోకూడదని చిన్నప్పుడే ఆదివారపు బడిలో నేర్చుకున్నదాన్ని. ఆ హద్దు దాటకుండా రాయాలనే కూర్చున్నాను. దాటితే దేవుడు క్షమించాలి.

మాది మండపేటకు దగ్గరలో ఒక ఊరు. కాలవ గట్టున మా పేట, పేట మధ్యలో దొరల కాలంలో కట్టిన చర్చి, మేం గుడి అంటాం. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ ఊడుపుల ముఠాలో పనిచేసేది. సార్వాకి, దాళ్వాకి, ఏటా రెండు పంటలకీ బురదలో దిగి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెనక్కి వెనక్కి నడుస్తూ నారు గుచ్చడం ఆవిడ పని. ఆ పనితోనే నన్ను ట్రైనింగు దాకా చదివించింది. నేను చెప్పే కాలానికి, అంటే తొంభైలు అయిపోవస్తున్న రోజులకి, నేను పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేస్తున్నాను. అమ్మకి యాభై దాటాయి. గుళ్లో పాట ఎత్తుకునేది ఆవిడే. చదువు లేదు, కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా చివరి చరణం దాకా వచ్చు.

మా గుళ్లో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. అంటే మా పాస్టరు అయ్యగారు అప్పం, ద్రాక్షారసం ఇస్తారు. బలిపీఠం ముందు చెక్క కమ్మి ఉంటుంది, దాని కింద కొబ్బరి పీచు పట్టా. ఒక్కో వరుస వెళ్లి ఆ పట్టా మీద మోకరించి పుచ్చుకోవాలి. నిలబడి పుచ్చుకోవడం మా గుళ్లో లేదు. దీనికి ఒక కథ ఉంది, మా తాతల నోట విన్నది. వాళ్ల కాలంలో ఆసాముల వాకిట్లో నడుం వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడేవారు. గుడి కట్టిన రోజున పెద్దవాళ్లంతా ఒక మాట అనుకున్నారట: ఈ మోకాళ్లు ఇక దేవుడి ముందే వంగుతాయి, ఇంకెవరి ముందూ వంగవు అని. అందుకని మోకరించడం మాకు ఒట్టి అలవాటు కాదు. అది మా పేట పరువు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, మా వాళ్లు ఉత్త మూర్ఖులని ఎవరూ అనుకోకూడదు. మంచి ఆచారమే. మంచి ఆచారాన్ని మనిషి మీదికి కర్రలా ఎత్తడం దగ్గరే నా తగాదా అంతా.

ఒక దాళ్వా ఊడుపులు అయ్యాక అమ్మకి కుడి మోకాలు పట్టేసింది. పొద్దున్న మంచం దిగాక అడుగు వెయ్యడానికి పది నిమిషాలు గోడ పట్టుకునేది. సాయంత్రానికి వాచేది. "లోపల అన్నం కుతకుతా ఉడికినట్టుందే" అనేది. వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్లు పోసుకుంది. ఉప్పు మూట కాపడం పెట్టుకుంది. ఎవరో చెప్తే వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టుకుంది. తగ్గలేదు సరికదా, ఇటుక పెట్టిన రోజు ఇంకా ఎక్కువైంది.

రాజమండ్రి తీసుకెళ్లాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, లైటు పెట్టె మీద పెట్టి చూశాడు.

"అరుగుదల ఉందండి. అయితే పెద్దగా ఏం లేదు, వయసుకి ఉండేదే. ఇంత నొప్పి రాకూడదే," అన్నాడు.

"వస్తందండి," అంది అమ్మ.

ఆయన అమ్మని చూడలేదు, నన్ను చూశాడు. "ఇంట్లో ఏమన్నా బెంగా అండి ఈవిడకి? మీ పెళ్లి గురించీ అదీ?"

నాకు పెళ్లై అప్పటికి ఆరేళ్లు. ఆ మాట చెప్పాను. ఆయన మాత్రలు రాసి గంట నొక్కాడు. ఆ మోకాలిని ఆయన ఒక్కసారైనా ముట్టుకోలేదు. ఫోటోని ముట్టుకున్నాడు. ఫోటో ఒప్పుకోని నొప్పిని అమ్మ ఎక్కడి నుంచో దొంగతనంగా తెచ్చుకున్నట్టు చూశాడు. పైగా అమ్మ ముఠాలోనే అమ్మతో కలిసి నారు ఊడ్చే మా పిన్ని ఉంది. ఆవిడ కాళ్లు రెండూ దొడ్డికాళ్లై పోయాయి, ఎక్స్‌రే తీస్తే ఏం కనపడేదో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ తల మీద గడ్డిమోపు పెట్టుకుని కాలవ గట్టు మీద చకచకా నడిచేది. అరుగుదలకీ నొప్పికీ ఉన్న చుట్టరికం ఆ డాక్టరు చెప్పినంత దగ్గరది కాదని మా పిన్ని నడకే చెప్పేది. వినేవాళ్లేరి?

ఆ తరువాతి మొదటి ఆదివారం అమ్మ వరుసలో వెళ్లింది, మోకరించలేక కమ్మి పట్టుకుని నిలబడి దోసిలి పట్టింది. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, అప్పం ఇచ్చేశారు. ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద సంఘపెద్ద మమ్మల్ని ఆపాడు. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. మాకు చుట్టరికం కూడా ఉంది, అమ్మని చెల్లెమ్మా అంటాడు, నేను మావయ్యగారూ అంటాను. ప్రార్థనాపరుడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

"ఏం చెల్లెమ్మా, దేవుడితో కూడా నిలబడే మాట్లాడతావా ఏంటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"మోకాలు వంగట్లేదన్నయ్యగారూ."

"ఆసామి చేలో నడుం వంగుద్ది, కాళ్లు వంగుతాయి. గుళ్లోకొచ్చేసరికే వంగవా?"

"చేలోకి కూడా వెళ్లట్లేదండి నెల్రోజుల్నుంచి."

"రాజమండ్రి డాక్టరేమన్నాడంట?"

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. టీచర్ని కదా, అడిగినదానికి జవాబు చెప్పడం అలవాటు. "పెద్ద అరుగుదలేం లేదన్నారండి మావయ్యగారూ," అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "మరదే! ఎముకలో లేదంట. మరెక్కడుందమ్మా? ఇక్కడుంది," అని తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. "ఏదో ఒప్పుకోని పాపం ఉంటే ఒంట్లో ఇలాగే కూర్చుంటది. వచ్చే నెల బల్లకి ముందు శుక్రవారం ఉపవాస ప్రార్థనకి రా."

బైబిల్లో ఒక కథ ఉంది. బూడిదలో కూర్చుని ఒళ్లు గోక్కుంటున్న నీతిమంతుడి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి, నీ పాపం వల్లే నీకు ఈ జబ్బు అన్నారు. దేవుడు చివర్లో కోప్పడింది ఆ జబ్బుమనిషి మీద కాదు, స్నేహితుల మీద. ఈ కథ మా సంఘపెద్దకి నాకంటే బాగా తెలుసు. ఏటేటా తన నోటితో చెప్పేవాడు. చెప్పిన వాక్యం తనకి తగలకుండా ఎలా చూసుకుంటారో మనుషులు!

ఆ శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనకి వెళ్లాం. ఆడవాళ్లంతా అమ్మ చుట్టూ చేరి చేతులుంచారు. నూనె రాశారు. ఒకావిడ రాయడంతో ఊరుకోక, దయ్యాన్ని పిండుతున్నట్టు ఆ వాచిన మోకాలిని రెండు చేతులతో పిసికింది. అమ్మ పళ్లు బిగించి "స్తోత్రం, స్తోత్రం" అంది. అది స్తోత్రమో కేకో అక్కడెవరూ అడగలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం ఎవరి కోసం ప్రార్థన చేశారో వాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. స్వస్థత కలిగిందని చెప్పాలి. చెప్పకపోతే చేసిన ప్రార్థనని అవమానించినట్టు. తగ్గని వాళ్ల కోసం వేరే పద్ధతి ఏదీ లేదు. తగ్గనివాళ్లు ఆ ఆదివారం గుడికి రారు, లేకపోతే వచ్చి తగ్గిందని చెబుతారు. చిన్నప్పటి నుంచీ ఎన్ని సాక్ష్యాలు విన్నానో! ఒక్కనాడూ ఈ ఆలోచన నాకు రాలేదు.

శనివారం బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరటి గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుని ఉంది.

"రేపు గుడికి రానే. ఒంట్లో బాలేదని చెప్పు," అంది.

నాకు కంగారు పుట్టింది. అమ్మ రాకపోతే జనం ఏమనుకుంటారో అని. దానికి వాక్యం ముసుగు వేశాను.

"అలా కాదమ్మా. ముందు నమ్మాలి. నమ్మి నోటితో చెప్తే అప్పుడు జరుగుద్ది. నువ్వు చెప్పకపోతే ఎలా జరుగుద్ది?"

"తగ్గకుండా తగ్గిందని ఎలా చెప్పనే?"

"అది అబద్ధం కాదు, విశ్వాసం."

"అదేంటే, రెండిటికీ ఒకే మాటా?"

 వరసగా వాక్యాలు చెప్పాను, పిల్లలకి ఎక్కాలు అప్పగించినట్టు. అమ్మ చదువుకున్న కూతుర్ని ఎదిరించలేదు. "నువ్వు చదువుకున్నావు కదా, నీకు తెలుసులే," అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. సంఘపెద్దని తిట్టుకునే ముందు రోజూ నన్ను నేను తిట్టుకోవలసిన పని ఆ శనివారం చేశాను.

ఆదివారం అమ్మ లేచి, "మీరంతా నా కోసం ప్రార్థన చేశారు. నాకు తగ్గిందండి. దేవుడికి స్తోత్రం," అంది. అంతే, మూడు ముక్కలు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు బల్ల కూడా ఉంది. తగ్గిందని చెప్పిన మనిషి నిలబడితే ఎలా? అమ్మ వెళ్లి కమ్మి పట్టుకుని, మెల్లగా ఆ పీచు పట్టా మీద రెండు మోకాళ్లూ ఆనించింది. పక్కనే ఉన్న నాకు ఆవిడ చెంప కనపడింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. అప్పం పుచ్చుకుంది. రసం పుచ్చుకుంది. వరుస లేచింది. అమ్మ లేవలేదు. వెనక వరుస వచ్చి నిలబడింది. నేనూ పిన్నీ చెరో చంకలో చేతులు వేసి ఎత్తాం. పుచ్చుకున్నది గొంతు దిగకముందే ఆవిడ నోట్లోంచి "అమ్మో" అని వచ్చింది.

సంఘపెద్ద ఆనందంగా అన్నాడు: "చూశారా! వంగాయి!"

సాయంత్రానికి ఆ మోకాలు తాటికాయంత అయింది. వారం రోజులు మంచం దిగలేదు.

తరువాతి నెల బల్ల దగ్గరికి ఆడవాళ్ల వరుసలు లేచినప్పుడు అమ్మ బెంచీ మీదే ఉండిపోయింది. నేను చెయ్యి అందించాను. తల అడ్డంగా ఊపింది. ఇంటికొచ్చాక అడిగాను.

"అబద్ధమాడిన నోటితో ఆ అప్పం తిననే," అంది. "అర్హత లేకుండా తింటే శిక్ష తిన్నట్టేనని మీరే కదా చెప్తారు."

"అమ్మా, అది నేను చెప్పించిందే కదా."

"నోరు నాదే కదే."

ఏం చెప్పినా వినలేదు. క్షమాపణ ఉంది కదమ్మా అంటే, "దేవుడు క్షమించాడనే నాకూ తెలుసు. జనం దగ్గర చెప్పిన అబద్ధం జనం దగ్గరే ఉంది కదా," అంది. నెల వెనక నెల వచ్చింది. గుడికి రావడం మానలేదు. పాట ఎత్తుకునేది. బల్ల వేళకి తలవంచుకుని కూర్చునేది. ముప్ఫై ఏళ్లుగా ఒక్క బల్లా తప్పనిది మా అమ్మ. నన్ను కన్న నెలలోనే పొత్తిగుడ్డలతో ఎత్తుకుని వెళ్లి పుచ్చుకున్నానని గొప్పగా చెప్పేది. అలాంటి మనిషి ఆకలితో విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టు కూర్చోవడం నేను చూడాల్సి వచ్చింది. సంఘంలో అడిగినవాడు లేడు. మనసులో ఏదో ఉందిలే, దేవుడు పని చేస్తున్నాడులే అని వాళ్లలో వాళ్లు అనుకున్నారు.

మా బడి హెడ్మాస్టారి భార్య చెప్తే, గోదావరి దాటి ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ ఒక లేడీ డాక్టరు, కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన అమ్మాయి. ఎక్స్‌రే కవరు ఇవ్వబోతే పక్కన పెట్టమంది. ముందు అమ్మ చీర మోకాలి పైకి జరిపి, చేతి వెనక భాగం కుడి మోకాలి మీద పెట్టింది, తరువాత ఎడమ మోకాలి మీద, మళ్లీ కుడి మీద. నా చెయ్యి కూడా పట్టుకుని పెట్టించింది.

"వేడి తెలుస్తుందాండి? ఒట్టి అరుగుదలైతే వేడెందుకుంటది? బండి చక్రం అరిగితే వాయదు కదా."

"మరి లోపలేం అవుతందమ్మగారూ?" అంది అమ్మ.

"మన ఒంట్లో కాపలా కణాలుంటాయమ్మా. ముల్లు గుచ్చుకుంటే చుట్టూరా ఎర్రగా వాస్తుంది చూడండి, అది వాటి పనే. మోకాలి లోపల పల్చటి పొర ఒకటి ఉంటది. దాంట్లోనూ కాపలా ఉంటాయి. ఎముకల మధ్య ఉండే గుజ్జు చితికి నలుసులు ఊడితే వాటిని తినేసి శుభ్రం చెయ్యాలి. మంచి పనే. ఒక్కోసారి ఆగవు. ఇంకొన్నిటిని కేకేసి పిలుస్తాయి. అన్నీ కలిసి ఏవేవో రసాయనాలు వదుల్తాయి. పొర వాస్తది, నీరు పడద్ది, దగ్గరున్న నరాలు రెచ్చిపోతాయి. అప్పుడు మామూలుగా కాలు మడిచినా ఆ నరం ప్రాణం పోయినట్టు చెప్పుద్ది."

అమ్మ మోకాలు నిమురుకుంది. "దొంగ వెళ్లిపోయినా కాపలావాళ్లు కర్రలు దించట్లేదన్నమాట. ఇంటాయన్నే బాదుతున్నారు."

డాక్టరమ్మ నవ్వింది. "అచ్చం అంతేనండి. నాకంటే బాగా చెప్పారు."

"అయితే ఇది కీళ్లవాతమాండి?" అని నేను అడిగాను.

"కాదండి. దాంట్లో ఈ కణాలే ముందు గొడవ మొదలెడతాయి. ఇందులో గుజ్జు దెబ్బతినడం, ఇవి రెచ్చిపోవడం ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఇదంతా ఇంకా తేలుస్తానే ఉన్నారు. ఉత్త అరుగుదలే అనేవాళ్లే ఎక్కువ. నేను చదివినంత వరకు చెప్తన్నా."

"ఎక్స్‌రేలో పెద్దగా ఏం లేదన్నారండి."

"ఎక్స్‌రేలో ఎముక కనపడద్ది. గుజ్జే సరిగ్గా కనపడదు, ఇక కణాలెక్కడ? ఫోటో బాగుందని నొప్పి అబద్ధమంటే ఎలాగండి?"

అమ్మ అబద్ధమన్న మాట దగ్గర తలెత్తింది. "అమ్మగారూ, నాకు విశ్వాసం తక్కువై తగ్గట్లేదంటారు. అది కాదాండి?"

ఆ అమ్మాయి బొట్టు పెట్టుకున్న మనిషి. మా గుడి సంగతులేవీ తెలియవు. "విశ్వాసం సంగతి నాకు తెలీదమ్మా. మోకాలి సంగతైతే ఇది," అంది.

వాపు, వేడి ఉన్నప్పుడు ఇటుకలూ కాపడాలూ వద్దు, తడిగుడ్డ వేసుకోండి అంది. గట్టిగా పిసకొద్దంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి నిలపడం నేర్పింది, తొడ కండ గట్టిపడితే మోకాలికి బరువు తగ్గుతుందంది. మాత్రలు కొద్ది రోజులకే ఇచ్చింది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చోవడం మానెయ్యమంది.

"గుళ్లో కూడానాండి?"

"ఎక్కడైనా మోకాలు అదే కదమ్మా."

బస్సులో వస్తూ నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. మా అమ్మ చేసిన పాపం కూర్చుందని వీళ్లు అన్న చోట ఉన్నవి దేవుడే పెట్టిన కాపలాదార్లు! ఆయన చేసిన ఒంట్లో ఏముందో కనుక్కోకుండా, ఆయన తరఫున తీర్పు చెప్పడానికి వీళ్లెవరు? చదువుకున్న డాక్టరుకి ఫోటో దేవుడు, మా సంఘపెద్దకి ఆచారం దేవుడు. నిజమైన దేవుడు చేసిన మోకాలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

మర్నాడే సంఘపెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పాను.

"కణాలా?" అన్నాడు. "ఆ కణాలు మోకరించొద్దని చీటీ ఇచ్చాయేంటి పాపా?"

"ఎగతాళి కాదండి మావయ్యగారూ. అమ్మ ఐదు నెలల నుంచి బల్ల పుచ్చుకోవట్లేదు. మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? పశ్చాత్తాపం పనిచేస్తంది. మంచిదే."

"దేనికండి పశ్చాత్తాపం? తగ్గకపోయినా తగ్గిందని మనం చెప్పించాం. మీరూ నేనూ."

"ఇదిగో టీచరమ్మా, ఇవాళ మీ అమ్మ నిలబడద్ది. రేపు నడుం నొప్పని ఇంకోడు కూర్చుంటాడు. ఎల్లుండి కుర్రకారు జేబులో చేతులెట్టుకుని పుచ్చుకుంటారు. మన తాతలు పెట్టిన పద్ధతిది."

"మన తాతలు మోకరించింది ఇష్టపడి. బలవంతంగా వంచడం ఆసాముల పద్ధతండి. అది వద్దనే కదా వాళ్లు గుడి కట్టింది!"

ఆయన మొహం ఎర్రబడింది. "చదువు ఎక్కువైంది నీకు," అని లోపలికి వెళ్లిపోయాడు.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మెత్తని మనిషి, మెత్తదనం వల్లే ఎవరికీ పనికిరాని మనిషి. "నాదేం లేదమ్మా, పెద్దలు ఒప్పుకోవాలి కదా," అన్నారు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. ప్రభువు మొదటిసారి ఆ అప్పం విరిచి ఇచ్చినప్పుడు శిష్యులు ఎలా ఉన్నారండి?"

ఆయనకి ప్రశ్న అర్థమైంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బల్ల దగ్గర ఆనుకుని కూర్చున్నారు."

"ఒక్కరైనా మోకరించారాండి?"

"లేదమ్మా."

"దేవుడితో పెనుగులాడి తొడ కీలు తప్పిన పితరుడు ఆ రోజు నుంచి కుంటుతూనే నడిచాడు. ఆశీర్వాదం వచ్చిన రోజే కుంటు వచ్చింది. నీకు విశ్వాసం లేదు, సరిగ్గా నడువు అని దేవుడన్నాడాండి?"

"నువ్వు ప్రసంగం చెప్పాల్సిందమ్మా," అని నవ్వబోయారు. నేను నవ్వలేదు. కమిటీలో పెడతానన్నారు.

కమిటీ కూర్చుని ఏం తేల్చిందో తెలుసా? మోకరించలేనివాళ్లు డాక్టరు దగ్గర్నుంచి చీటీ తెచ్చి సంఘపెద్దకి ఇస్తే నిలబడి పుచ్చుకోవచ్చట! బస్సు పాసుకి ఫోటో అడిగినట్టు ప్రభువు బల్లకి చీటీ. అయినా పోయి తెచ్చాను. అమ్మ బల్ల పుచ్చుకోవాలి, నాకు కావలసింది అంతే. డాక్టరమ్మ విచిత్రంగా చూసి రాసిచ్చింది. తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.

"దీంతో ఏం చెయ్యనే?" అంది.

"ఆదివారం మావయ్యగారికి ఇస్తే నిలబడి పుచ్చుకోవచ్చు."

"నాకు అడ్డం మోకాలు కాదని చెప్తే నీకు ఎక్కట్లేదు. నాకు అడ్డం నేను చెప్పిన సాక్ష్యం. అది వెనక్కి తీసుకోవాలి."

సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మా సంఘంలో ఎప్పుడూ జరగలేదు. ఈ మాట చెవిన పడి, సాక్ష్యాల వేళ కృతజ్ఞతలకే గాని ఇలాంటివాటికి కాదని సంఘపెద్ద ముందే కబురు పంపాడు. అమ్మ సరే అంది. సరే అన్నది ఎందుకో నాకు ఆదివారం తెలిసింది.

మొదటి ఆదివారం. సాక్ష్యాలు ఉంటే చెప్పండి అని అయ్యగారు అనగానే, ఎవరూ పిలవకుండా అమ్మ ముందు బెంచీ పట్టుకుని లేచింది.

"నాకు తగ్గలేదండి," అంది.

ముందు బెంచీలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"ఆరు నెలల కింద తగ్గిందని చెప్పాను. అబద్ధం చెప్పాను. దేవుడికి గొప్ప వస్తుందనుకున్నాను. నా అబద్ధంతో ఆయనకి గొప్పేంటండి? నా మోకాల్లో వాపుంది. అది పాపం కాదని డాక్టరమ్మ చెప్పింది. అబద్ధం చెప్పడం మాత్రం పాపమే. మీ అందరి ముందర చేశాను, మీ అందరి ముందరే ఒప్పుకుంటన్నాను."

"చెల్లెమ్మా, కూర్చో," అన్నాడు సంఘపెద్ద.

"కూర్చుంటే మళ్లీ లేవలేనన్నయ్యగారూ. అందుకే నిలబడే చెప్తన్నాను."

మగవాళ్ల వైపు ఎవరో ఫక్కున నవ్వారు. అంతలో మా పిన్ని వెనక బెంచీ నుంచి లేచింది. "అయ్యగారూ, నా చెవిపోటు కూడా తగ్గలేదండీ. పోయినేడు తగ్గిందని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొడుతుంటే ఏం చెప్పనండి?" అంది. ఆవిడకి దొడ్డికాళ్లు గాని మోకాళ్ల నొప్పి లేదు, చెవి మాత్రం ఏడాది పొడుగునా కారుతూనే ఉండేది. ఈసారి నవ్వు రెండు వైపులా లేచింది.

"ఇది ఆరాధనా, సంతా?" అని సంఘపెద్ద అరిచాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. ఆయన ఎవర్నైనా ఆపడం నేను అదే చూడటం. "ప్రార్థన చేద్దాం," అన్నారు. ఒప్పుకోలు ప్రార్థన చదివించి, పాపక్షమాపణ మాట పలికారు. అమ్మ పెదవులు ప్రతి మాటకీ కదిలాయి.

బల్ల వేళకి ఆడవాళ్ల మొదటి వరుస లేచింది. అమ్మ ఆ వరుసలోనే నడిచింది, కుంటుతూ. అందరూ మోకరించారు. అమ్మ కమ్మి పట్టుకుని నిలబడింది. నేను పక్కన మోకరించి ఉన్నాను కాబట్టి తలెత్తి చూడాల్సి వచ్చింది. రసం గిన్నెల పళ్లెం పట్టుకున్నది సంఘపెద్దే. అయ్యగారు అప్పం అమ్మ దోసిట్లో పెట్టి మాట పలికారు. పళ్లెం మాత్రం అమ్మ ముందుకి రాలేదు. నా పక్కనే ఆగిపోయింది.

"చీటీ?" అన్నాడాయన మెల్లగా.

అమ్మ అప్పం నోట్లో పెట్టుకుంది. అమ్మ తిరిగిచ్చేసిన చీటీ నా సంచిలో ఉంది. నేను సంచి తెరవలేదు. అయ్యగారు ఆ పళ్లెంలోంచి ఒక గిన్నె తానే తీసుకుని అమ్మ చేతికి ఇచ్చారు. గిన్నె ఒలికి రెండు చుక్కలు అమ్మ మణికట్టు మీద పడ్డాయి. అమ్మ తాగింది. మణికట్టు మీద పడిన చుక్కల్ని కూడా పెదవులతో తీసుకుంది.

నా కోపం ఆ రోజుతో తగ్గిందని చెబితే అది ఇంకో అబద్ధపు సాక్ష్యం అవుతుంది. ఆ తరువాత కూడా అమ్మ మోకాలు కొన్నాళ్లు బాగుండేది, కొన్నాళ్లు ఉడికేది. కుర్చీలో కూర్చుని రోజూ కాలు చాచేది, "కర్రలు దించండ్రా" అని మోకాలికి చెప్పేది. చీటీ నియమం ఏళ్ల తరబడి సంఘం పుస్తకంలో అలాగే ఉంది. ఎవరూ తీసేయలేదు, ఎవరూ చీటీ తేలేదు. ముసలివాళ్లు ఒక్కరొక్కరే నిలబడ్డం మొదలుపెట్టారు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆసుపత్రి వరండాలో ఎవరో ఒక డాక్టరు ఎవరో ఒక ముసలమ్మతో "అరిగిపోయింది, ఇక అంతే" అనడం వింటూనే ఉన్నాను. ఆ కాపలా కణాల గురించి ఇప్పుడు ఎంతో తెలిసిందంటారు. తెలిసింది ఆ వరండా దాకా ఎందుకు రాదు? ముందు చెయ్యి పెట్టి చూడ్డానికి ఏ పరిశోధన కావాలి?

నా మనసులో అన్నిటికంటే గట్టిగా ఉండిపోయింది మాత్రం వేరు. ఆ రోజు బెంచీకి తిరిగొచ్చి, అమ్మ కాలు చాపుకుని కూర్చుంది. మా గుళ్లో ఇచ్చే అప్పం నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోయేంత పల్చన. అమ్మ దాన్ని చాలాసేపు నమిలింది, కళ్లు మూసుకుని, ఇంకా ఉందా అని వెతుక్కుంటున్నట్టు. ఐదు నెలలు. ఐదు బల్లలు ఆ మనిషి నోటి దగ్గర్నుంచి తప్పించాం, నేనూ, ఆయనా, ఆ లైటు పెట్టె ముందు కూర్చున్న డాక్టరూ కలిసి. అవి ఎవరు తిరిగిస్తారు?